సిస్టరమ్మను అడగండి: వార్డులో లొల్లి చేసేవాళ్ళతో ఎట్లా వేగాలి?

పోయిన నెల ఈ పేజీలో ఆస్పత్రుల గురించి మీ సందేహాలు రాయమని అడిగాను. షుగర్ గురించి, బీపీ గోలీల గురించి వస్తాయనుకుంటే చాలా ఉత్తరాలు నర్సుల దగ్గర్నుంచి వచ్చాయి, అన్నింటిలోనూ ఒకటే బాధ: పేషెంట్‌ను చూడటానికి వచ్చినవాళ్ళు తిట్టడం, మీదికి రావడం, ఫోన్‌లో వీడియో తీయడం. నర్సుల మీద కోపంతో రాసినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ ఉత్తరాలు కూడా వేస్తున్నాను. నేను 34 ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. కొన్నేళ్ళు పాలమూరు వైపు, మిగతా అంతా నల్లగొండ వైపు. తిట్లు లెక్కలేనన్ని తిన్నాను, ఒకసారి దెబ్బ కూడా తిన్నాను. నాకు తెలిసింది చెప్తాను.

ప్రశ్న: అమ్మా, నా వయసు 23. ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఐసీయూలో రెండో ఏడాది చేస్తున్నా. గడ్డిమందు తాగిన ఒకాయన్ని తీసుకొచ్చారు. వచ్చినప్పుడు నడిచే వచ్చాడు, మంచిగా మాట్లాడాడు. నాలుగో రోజు చనిపోయాడు. ఇరవై మంది దాకా ఐసీయూలోకి తోసుకొచ్చారు. "ఆక్సిజన్ పెట్టమంటే పెట్టలేదు, నువ్వే చంపినవ్" అని ఆయన బామ్మర్ది నా మీదికి ఇంజెక్షన్ ట్రే విసిరాడు. చెప్పలేని మాటలన్నారు. డాక్టర్ సార్ వెనక మెట్ల నుంచి వెళ్ళిపోయారు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ "అడ్జస్ట్ అయిపో, హాస్పిటల్ పేరు పోతది" అంది. అప్పటి నుంచి లిఫ్ట్ చప్పుడైతే చేతులు వణుకుతున్నాయి. నాది తప్పా?
— ఒక సోదరి, నల్లగొండ

జవాబు: నీ తప్పేమీ లేదు బిడ్డా. ముందు అది నమ్ము, తర్వాత మిగతాది చదువు.

గడ్డిమందు సంగతి నీకు తెలుసు, కానీ ఈ పేజీ చదివే మిగతావాళ్ళకు తెలియాలి కాబట్టి రాస్తున్నా. మన దగ్గర పత్తి చేలల్లో, బత్తాయి తోటల్లో కలుపు మాడటానికి కొట్టే మందుల్లో పారాక్వాట్ అని ఒకటుంది. అది తాగినవాడు మొదటి రోజు దాదాపు మామూలుగానే కనిపిస్తాడు. మాట్లాడతాడు, నడుస్తాడు, ఇంటికి పోతానంటాడు. తర్వాత నోరంతా పుండ్లు పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, ఆ తర్వాత ఊపిరితిత్తులు పాడవుతాయి. దానికి విరుగుడు మందు లేదు. ఇంకో సంగతి, బయటివాళ్ళకు నమ్మబుద్ధి కానిది: ఆ విషం ఒంట్లో ఉన్నప్పుడు ఆక్సిజన్ ఎక్కువ ఇస్తే ఊపిరితిత్తులు ఇంకా త్వరగా పాడవుతాయి, అందుకే శరీరంలో ఆక్సిజన్ బాగా పడిపోయేదాకా డాక్టర్లు కావాలనే పెట్టరు. పక్క బెడ్ మీద ఉన్నాయనకు మాస్క్ ఉంది, మనవాడికి లేదు. చూసేవాడికి ఏమనిపిస్తుంది? డబ్బులు కట్టలేదని పెట్టట్లేదు అనిపిస్తుంది. నడిచొచ్చిన మనిషిని నాలుగో రోజు గుడ్డలో చుట్టి ఇస్తే, వీళ్ళే ఏదో చేశారనిపిస్తుంది.

ఆ ఇంటివాళ్ళకు మొదటి రోజే ఈ మాట ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? నాకు తెలిసి చాలాచోట్ల చెప్పరు. డాక్టర్ "సీరియస్, సంతకం పెట్టండి" అంటాడు. సంతకం పెట్టిన మనిషికి ఏం అర్థమైంది అని ఎవరూ అడగరు. అది నువ్వు చేయాల్సిన పని కాదు, డాక్టర్ చేయాల్సింది. కానీ ఆ చెప్పని మాట తాలూకు కోపం వచ్చి పడేది నీ మీదే, ఎందుకంటే 24 గంటలూ ఆ మంచం దగ్గర కనిపించేది నువ్వే.

నాకు జరిగింది చెప్తా. సర్వీసులో చేరిన కొత్తలో, పురుగుల మందు తాగిన ఒక కుర్రవాడికి అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఎక్కిస్తున్నాం. ఈ వైద్యం తెలిసినవాళ్ళకు తెలుసు, ఆ ఇంజెక్షన్ ఎక్కాల్సినంత ఎక్కితే మొహం ఎర్రబడుతుంది, నోరెండిపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది, మనిషి దుప్పటి పీకుతూ గాల్లో ఏవో ఏరుతూ సంబంధం లేని మాటలు మాట్లాడతాడు. మందు తగ్గిస్తే అదీ తగ్గుతుంది. మాకది తెలుసు. పొలం నుంచి నేరుగా వచ్చిన వాళ్ళన్నకు తెలియదు. "మంచిగున్నోణ్ణి పిచ్చోణ్ణి చేసిండ్రు" అని నన్ను గోడకు తోశాడు, తల వెనక వాచింది. ఆ కుర్రవాడు వారం తర్వాత నడుచుకుంటూ ఇంటికి పోయాడు. వాళ్ళన్న నా కళ్ళలోకి చూడలేక తల దించుకుని పోయాడు.

అప్పటి నుంచి నేనొక అలవాటు చేసుకున్నాను. పురుగుల మందు కేసు రాగానే ఇంటివాళ్ళలో ఒకర్ని, మరీ ఏడుస్తున్నవాళ్ళను కాకుండా కాస్త మాట వినేవాళ్ళను చూసుకుని పక్కకు పిలిచి, "అన్నా, రేపు పొద్దుటికి ఇట్ల మాట్లాడతడు, మీరు భయపడొద్దు, అది మందు పనిజేస్తున్న గుర్తు. రెండు మూడు రోజుల తర్వాత మెడ లేపలేకపోతే, ఊపిరి కష్టమైతే మాత్రం వెంటనే నన్ను పిలువు" అని చెప్పేదాన్ని. రెండు నిమిషాలు పట్టేది. డాక్టర్‌ను అడిగి, ఆయన ఏం చెప్పమన్నాడో అంతే చెప్పేదాన్ని, సొంతంగా బతుకుతాడనీ చావడనీ ఎప్పుడూ అనలేదు. దాంతో లొల్లులన్నీ ఆగిపోలేదు, చాలా తగ్గాయి. గడ్డిమందు కేసుకైతే ఇంకా ముందే, మొదటి రోజే, డాక్టర్‌నే తీసుకొచ్చి వాళ్ళ ముందు నిలబెట్టి చెప్పించు. చెప్పింది కేస్ షీట్‌లో టైముతో రాయించు.

ఇక ట్రే సంగతి. చావు బాధలో ఒకడు ఏడుస్తూ నాలుగు మాటలంటే పడొచ్చు, నేనూ పడ్డాను. వస్తువు విసిరితే, చేయెత్తితే, ఆడదాన్నని చూసి బూతులు తిడితే అది బాధ ఖాతాలో వేయకు. దవాఖానల్లో పనిచేసేవాళ్ళ మీద దాడులను ఆపడానికి మన రాష్ట్రంలో 2008 నాటి చట్టం ఉంది, ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, ఇప్పుడు తెలంగాణలోనూ అమల్లో ఉంది. డాక్టర్లకే కాదు, నర్సులకు, నర్సింగ్ చదివే పిల్లలకు, పారామెడికల్ వాళ్ళకు కూడా వర్తిస్తుంది, సర్కారు దవాఖానైనా ప్రైవేటైనా ఒకటే. దాడి చేస్తే 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా, బెయిల్ అడిగితే హక్కుగా ఇచ్చే కేసు కాదు. వస్తువులు పగలగొడితే వాటి ఖరీదుకు రెండింతలు కట్టాలి. 2024 ఆగస్టులో కోల్‌కతాలో జూనియర్ డాక్టర్ హత్య జరిగిన తర్వాత, డ్యూటీలో ఉన్నవాళ్ళ మీద దాడి జరిగితే 6 గంటల్లోపు ఆసుపత్రి పెద్దే సంస్థ తరఫున ఎఫ్ఐఆర్ పెట్టించాలని కేంద్ర ఆరోగ్య శాఖ తన కింది ఆసుపత్రులకు ఉత్తర్వు ఇచ్చింది. మీది ప్రైవేట్ కాబట్టి ఆ కాగితం నేరుగా మీకు వర్తించకపోవచ్చు. కానీ కంప్లైంట్ పెట్టాల్సింది సంస్థ, దెబ్బ తిన్న పిల్ల ఒక్కతే స్టేషన్ చుట్టూ తిరగకూడదు అనే పద్ధతి అందులో ఉంది. మీ మేనేజ్‌మెంట్‌ను అదే అడుగు.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. ఇవ్వాళే కూర్చుని రాయి. తేదీ, టైము, ఎవరెవరున్నారు, ఏ మాటలన్నారు (అవే మాటలు రాయి, సిగ్గుపడి చుక్కలు పెట్టకు), ఏం విసిరారు, ఎక్కడ తగిలింది, ఎవరు చూశారు. కెమెరా రికార్డింగ్ దాచిపెట్టమని మేనేజ్‌మెంట్‌కు రాతపూర్వకంగా అడుగు, కొన్ని రోజులకు అవి చెరిగిపోతాయి. లెటర్ ఇచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకో. "అడ్జస్ట్ అయిపో" అన్న సిస్టర్ కూడా ఒకప్పుడు ఇట్లాగే పడి ఉంటుంది, ఆమె మీద కోపం పెట్టుకోకు, కానీ ఆమె మాట వినకు.

చేతులు వణకడం గురించి. అది పిరికితనం కాదు, ఒళ్ళు ఆ రోజును ఇంకా మరచిపోలేదు, అంతే. ఒక వారం పది రోజులు పక్కన ఇంకొకరుండే డ్యూటీ అడుగు. ఇంట్లో చెప్పు, దాచకు. నెల దాటినా నిద్ర పట్టకపోతే, ఆ సీన్ కళ్ళ ముందుకు వస్తూ ఉంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళు. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ (సర్కారు నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. మనం పేషెంట్లకు చెప్పేదే మనమూ చేయాలి కదా.

ప్రశ్న: అందరూ నర్సుల బాధే రాస్తారు. మా అమ్మ తొమ్మిది రోజులు వార్డులో ఉంది. సెలైన్ అయిపోయిందమ్మా అని మూడుసార్లు పోయి చెప్తే "ఆగండి, మీ ఒక్కరేనా పేషెంట్" అని మొహం మీద అన్నది. గాలి పోయి మా అమ్మకేమన్నా అయితే? నేను గట్టిగా అరిచాను, తప్పేముంది?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అన్నా, ఆ సిస్టర్ మాట బాగాలేదు. నేనూ అట్లా అన్న రోజులున్నాయి, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. "రెండు నిమిషాల్లో వస్తున్నా" అనడానికీ "మీ ఒక్కరేనా" అనడానికీ పట్టే టైము ఒకటే.

కానీ ఆ మాట వెనక ఏముందో కూడా వినండి. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలి. నేను నైట్ డ్యూటీలో 40 మందిని ఒక్కదాన్నే చూసిన రాత్రులున్నాయి. ఒక మూల షుగర్ పడిపోయిన ముసలాయన, ఇంకో మూల ఫిట్స్ వచ్చిన పిల్ల, మధ్యలో కొత్త అడ్మిషన్, డ్యూటీ డాక్టర్ ఫోన్. ఆ టైములో సెలైన్ అయిపోయిందని మూడోసారి ఎవరైనా వస్తే నోరు జారుతుంది. జారకూడదు, నేను సమర్థించడం లేదు.

గాలి భయం చాలామందికి ఉంటుంది, ఈ ఒక్కటి తెలిస్తే సగం అరుపులు తగ్గుతాయి కాబట్టి వివరంగా రాస్తున్నా. స్టాండుకు వేలాడదీసిన సీసా ఖాళీ అయినంత మాత్రాన గాలి రక్తంలోకి దూసుకుపోదు. పైపులో నీరు కొంత దిగి అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే నరంలో ఉండే ఒత్తిడి దాన్ని ఆపుతుంది. చాలాసేపు వదిలేస్తే రక్తం పైపులోకి వెనక్కి వచ్చి గడ్డకట్టి సూది మూసుకుపోతుంది, మళ్ళీ పొడవాల్సి వస్తుంది. అందుకని చెప్పడం మంచిదే, ప్రాణం పోయే తొందర మాత్రం లేదు. సెలైన్ పైపుకు ఉండే చిన్న చక్రం మాత్రం మీరు తిప్పకండి. "త్వరగా అయిపోతే ఇంటికి పోవచ్చు" అని సెలైన్ స్పీడ్ పెంచేవాళ్ళను ఎంతమందినో చూశాను. గుండె బలహీనంగా ఉన్న ముసలివాళ్ళకు అది ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుంది. పొటాషియం కలిపిన సీసా అయితే గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది.

మనిషి ఎగశ్వాస పీలుస్తుంటే, పిలిస్తే పలకకపోతే, ఫిట్స్ వస్తే, పక్క తడిసేంత రక్తం పోతుంటే అరవండి, పరుగెత్తి రండి. అప్పుడు మిమ్మల్ని ఎవరైనా ఆగమంటే నాకు రాయండి, నేనే కంప్లైంట్ రాసిస్తాను.

ప్రశ్న: కాన్పుల వార్డులో చేస్తాను. బిడ్డ పుట్టగానే పదిహేను మంది ఆటోలో దిగుతారు. బిడ్డను చేతులు మారుస్తారు, నాలుక మీద తేనె రాస్తారు, వద్దంటే అత్తగారు "మేం కనలేదా పిల్లలను, నువ్వొచ్చి నేర్పుతావా" అంటుంది. ఆడపిల్ల పుడితే ఇంకా ఘోరం, మొన్న ఒకాయన నన్నే బూతులు తిట్టాడు.
— ఒక సోదరి, మహబూబ్‌నగర్

జవాబు: కాన్పుల వార్డులో ఎనిమిదేళ్ళు చేశాను చెల్లీ, అక్కడ లొల్లి చేసేది మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువ, అందరికంటే ముందు అత్తలు. మొదట్లో నేను అందర్నీ బయటికి పంపేదాన్ని. పంపిన ప్రతిసారీ అత్త నాకు శత్రువయ్యేది, నేను అటు తిరగ్గానే బిడ్డ నోట్లో చక్కెర నీళ్ళు పోసేది.

తర్వాత మార్చాను. అత్తను కూర్చోబెట్టి, "అమ్మా, మీకు పిల్లల సంగతి తెలుసు, ఈ బిడ్డ బాధ్యత మీకే అప్పజెప్తున్న. చేతులు సబ్బుతో కడగకుండా ఒక్కరు కూడా ముట్టొద్దు. ముర్రుపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పోయనియ్యొద్దు. ఎవరన్న పోస్తే నాకు చెప్పు" అనేదాన్ని. ఆ పెద్దామె గుమ్మం దగ్గర కూర్చుని తన సొంత ఆడబిడ్డను కూడా చేతులు కడుక్కు రమ్మని తిట్టేది. తేనె ఎందుకు వద్దో కారణం చెప్పాలి, ఊరికే "డాక్టర్ వద్దన్నాడు" అంటే వినరు. ఏడాది లోపు బిడ్డకు తేనె పెడితే అందులో ఉండే ఒక సూక్ష్మజీవి కడుపులో విషం తయారు చేసి, బిడ్డ పాలు పీల్చలేకుండా ఒళ్ళు చచ్చుబడిపోయే జబ్బు తెస్తుంది. అరుదుగానే వస్తుంది, కానీ వస్తే ప్రాణం మీదికే. "మా నానమ్మ పెట్టింది నాకేం కాలే" అంటారు. "అవునమ్మా, మీ అదృష్టం, ఈ బిడ్డకు ఎందుకు ఆ పందెం" అనండి.

ఆడపిల్ల విషయంలో తిట్టిన ఆయనకు ఒకే మాట: బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే కణాన్ని బట్టి ఉంటుంది, ఆ తల్లికీ నర్సుకూ సంబంధం లేదు. నేనైతే ఆ మాట ఆయనతో అక్కడే చెప్పి, లోపలున్న బాలింత దగ్గరికి వెళ్ళి కూర్చునేదాన్ని. బయట నిన్ను తిట్టినవాడు లోపల ఆమెను ఏమంటాడో, ఇంటికి పోయాక ఏం చేస్తాడో అని నాకు భయం. ఆమె మొహం చూసి ఏమైనా తేడా అనిపిస్తే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 నంబరు చెప్పు, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి సెంటర్ సంగతి చెప్పు, నెమ్మదిగా, చుట్టూ ఎవరూ లేనప్పుడు.

ఇంకో మాట, మనవాళ్ళకు నచ్చదు. బిడ్డ పుట్టగానే "ఖుషీకి పైసలియ్యుండ్రి" అని బిడ్డను చేతికివ్వకుండా నిలబడేవాళ్ళు మన దవాఖానల్లో ఉన్నారు. 2017లో కేసీఆర్ కిట్ పథకం తెచ్చి, సర్కారు దవాఖానలో కాన్పయితే ఆడపిల్లకు 13 వేలు, మగపిల్లాడికి 12 వేలు సర్కారే ఇస్తామని చెప్పింది. ఇంకోపక్క వార్డు గుమ్మం దగ్గర రెండు వందలు, ఐదు వందలు గుంజితే ఆ కూలి మనిషికి కోపం రాదా? వలస పోయి బొంబాయిలో తట్టలు మోసి తెచ్చుకున్న పైసలవి. ఆ పైసలు తీసుకున్నది నువ్వు కాకపోవచ్చు, తిట్లు తినేది మాత్రం నువ్వే. అందుకని అది ఆపించు. అక్క లాగా చెప్తున్నా, ఇది ఆగకపోతే మనం గౌరవం అడగడానికి నోరు రాదు.

ప్రశ్న: ఆపరేషన్ రోజు పొద్దున్నే మా ఆయనకు చాయ్ ఇస్తుంటే సిస్టర్ గ్లాసు లాక్కుని వాష్‌బేసిన్‌లో పారబోసింది. అందరి ముందు సిగ్గయింది.
— ఒక గృహిణి, నకిరేకల్

జవాబు: లాక్కోవడం తప్పు, చెప్పాల్సింది. కానీ ఆ గ్లాసు తాగి ఉంటే ఏమయ్యేదో వినమ్మా. మత్తు ఇచ్చినప్పుడు గొంతు దగ్గర కాపలా ఉండదు, కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు కలిసిన చాయ్ కడుపు ఖాళీ చేయడానికి అన్నం లాగే గంటలు పడుతుంది, కాబట్టి కనీసం 6 గంటలు ఏమీ ఉండకూడదు. ఉత్త మంచినీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టర్ చెప్తాడు. ముందురోజు రాత్రి మీకెవరూ చెప్పకపోతే ఆ తప్పు వార్డుదే. చెప్పినా "పాపం ఆకలైతాంది" అని ఇచ్చి ఉంటే మాత్రం ఆ సిస్టర్ మీద కోపం తీసేయండి.

ప్రశ్న: ఏం చెప్పినా "ఒక్క నిమిషం, అన్న లైన్‌ల ఉన్నడు మాట్లాడు" అని ఫోన్ నా చెవికి పెడతారు. ఒక్కోసారి నాయకుడు, ఒక్కోసారి ఆయన పీఏ, ఒక్కోసారి ఎవరో కూడా తెలియదు.
— ఒక నర్సింగ్ ఆఫీసర్, దేవరకొండ

జవాబు: ఫోన్ తీసుకోకు. చేతిలో సిరంజీ, గ్లవ్స్ ఉన్నాయని చెప్పు, అబద్ధం కూడా కాదు. "డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడమనండి" అని నీ పని నువ్వు చూసుకో. ఫోన్‌లో ఎవరున్నారో తెలియకుండా పేషెంట్ సంగతి ఒక్కటి కూడా చెప్పకు, అది ఆ పేషెంట్ సొంత విషయం. నా అనుభవంలో ఫోన్‌లో నిజంగా నాయకుడే ఉన్నప్పుడు ఆయన మర్యాదగానే మాట్లాడతాడు. బెదిరించేది మధ్యలో ఉన్నవాళ్ళే.

ప్రశ్న: ఒక పేషెంట్ తమ్ముడు రోజూ రాత్రి నర్సింగ్ స్టేషన్ దగ్గరికి వచ్చి నిలబడతాడు. నంబర్ అడుగుతాడు, ఫోన్ చూస్తున్నట్టు వీడియో తీస్తాడు. నిన్న ఇంజెక్షన్ లోడ్ చేస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు. "పేషెంట్ వాళ్ళు, ఏమనకు, రెండు రోజుల్లో డిశ్చార్జ్" అంటున్నారు పైవాళ్ళు.
— పేరు వద్దు, సూర్యాపేట

జవాబు: రెండు రోజులు ఆగకు తల్లీ. చెయ్యి పట్టుకున్నాక ఇది మర్యాద లేకపోవడం కాదు, నేరం. భారతీయ న్యాయ సంహితలో 74, 75 సెక్షన్లు దీని గురించే ఉన్నాయి. ఇవ్వాళ రాత్రి డ్యూటీకి పోయే ముందే ఇన్‌ఛార్జ్‌కు కాగితం మీద రాసివ్వు, ఆ మనిషిని రాత్రి వార్డులో ఉండనివ్వొద్దని, పేషెంట్ దగ్గర ఇంటి ఆడమనిషినో ఇంకొకరినో పెట్టమని అడుగు.

పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులను ఆపే 2013 నాటి చట్టం కింద పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతిచోటా ఆ కంప్లైంట్లు వినే ఒక కమిటీ ఉండాలి. తోటి ఉద్యోగి వేధిస్తేనే అనుకుంటారు చాలామంది, పనిచేసే చోటికి వచ్చే బయటివాళ్ళ నుంచి కూడా కాపాడే బాధ్యత యజమానిదే అని ఆ చట్టంలో ఉంది. కంప్లైంట్ 3 నెలల్లోపు ఇవ్వాలి. కమిటీ లేదంటే అది వాళ్ళ తప్పు, నీది కాదు. వాళ్ళు కదలకపోతే 100కి గానీ 112కి గానీ చెయ్యి, జిల్లాలో షీ టీమ్ పోలీసులున్నారు, వాళ్ళకు చెప్పు. వీడియో నువ్వు లాక్కుని చెరిపేయాలని చూడకు, అది సాక్ష్యం, పోలీసులనే తీసుకోనివ్వు. పేషెంట్‌కు వైద్యం మాత్రం ఆగకూడదు, పాపం ఆ మనిషికి ఇదేమీ తెలియదు.

ప్రశ్న: మా బిడ్డకు బీఎస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది. చుట్టాలు "ఎవడు పడితే వాడు తిడతాడు, కొడతాడు, ఆ పనికెందుకు" అంటున్నారు. పంపాలా వద్దా?
— ఒక తండ్రి, కల్వకుర్తి

జవాబు: పంపండి. మీ బిడ్డకు ఇష్టమైతేనే, చుట్టాలకు జవాబు చెప్పడానికి మాత్రం కాదు. నేను 34 ఏళ్ళలో తిట్లు తిన్న రోజులు లెక్కబెట్టలేను గానీ, బస్టాండులో నన్ను గుర్తుపట్టి మంచినీళ్ళ సీసా కొనిచ్చినవాళ్ళను కూడా లెక్కబెట్టలేను. నా జీతంతోనే ఇద్దరు తమ్ముళ్ళు చదువుకున్నారు. ఇప్పుడు మన వైపు మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో మెడికల్ కాలేజీలు వచ్చాయి, పనికి కొరత ఉండదు. ఉద్యోగంలో చేరేటప్పుడు మాత్రం మీరు పక్కనుండి నాలుగు అడగండి: నైట్ డ్యూటీకి బండి పంపుతారా, రాత్రి వార్డులో ఎంతమంది నర్సులు, సెక్యూరిటీ ఏ అంతస్తులో ఉంటాడు, లోపలికి ఎంతమందిని పాసుతో పంపుతారు. జీతం ఎంత అని అందరూ అడుగుతారు, ఇవి ఎవరూ అడగరు. ఇంకోటి, ఆమె ఏడుస్తూ ఫోన్ చేసిన రోజు "మేం ముందే చెప్పినం" అనకండి.

ప్రశ్న: రెండేళ్ళ కింద మా నాయిన ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ కోపంలో ఒక సిస్టర్‌ను తోసేశాను, ఆమె టేబుల్‌కు తగిలి కింద పడింది. ఎవరూ కేసు పెట్టలేదు. తర్వాత తెలిసింది, ఆమె చివరి గంటంతా మా నాయిన పక్కనే నిలబడి ఛాతీ మీద ఒత్తిందని. నాకు రాత్రుళ్ళు అదే గుర్తొస్తుంది. వెళ్ళి కాళ్ళ మీద పడాలా?
— పేరు వద్దు, అచ్చంపేట

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నన్ను గోడకు తోసినాయన తల దించుకుని పోయాడని పైన రాశాను కదా, ఆయన ఒక్క మాట రాసి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నేరుగా వార్డుకు మాత్రం వెళ్ళకు. నువ్వు మంచికే వస్తున్నావని ఆమెకు తెలియదు, గుమ్మంలో నీ మొహం కనపడగానే ఆమెకు ఆ రోజే గుర్తొస్తుంది. కాళ్ళ మీద పడొద్దు, పదిమంది ముందు పడితే ఆమె క్షమించక తప్పని పరిస్థితి వస్తుంది, అది కూడా ఒక రకంగా బలవంతమే.

ఉత్తరం రాయి. ఆ ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్‌కు పంపు. మీ నాయిన పేరు, చనిపోయిన తేదీ, ఏ వార్డు, సుమారు ఎన్ని గంటలకు అని రాస్తే, డ్యూటీ రిజిస్టర్ చూసి ఆ సిస్టర్ ఎవరో వాళ్ళు కనుక్కుంటారు. ఆమెకు రాసే కాగితం వేరుగా మడిచి లోపల పెట్టు. అందులో నాయిన పోయిన బాధ గురించి ఎక్కువ రాయకు, నువ్వు చేసిన పని రాయి, ఆమె చేసిన పని రాయి. క్షమించమని అడుగు, జవాబు ఇవ్వమని అడగకు. నీ ఫోన్ నంబరు కింద పెట్టు, ఆమెకు మాట్లాడాలనిపిస్తే ఆమే చేస్తుంది. చేయకపోతే మళ్ళీ రాయొద్దు.